సర్కారు కేసు వేస్తే మనం తిరిగి అడగొచ్చా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

అమెరికాలో చోక్తా, చికసా అని రెండు ఆదివాసీ నేషన్లు ఉన్నాయి. వాళ్ల భూముల్లో బొగ్గు తవ్వుకోడానికి ఒక కంపెనీ లీజు తీసుకుంది. రాయల్టీకి ఇంకో కంపెనీ పూచీ రాసిచ్చింది. రాయల్టీ బాకీ పడితే ఆ నేషన్ల తరఫున ప్రభుత్వం కోర్టుకెళ్లింది. బొగ్గు కంపెనీ వైపు వాళ్లేమో "మీరే మాకు ఎక్కువ బాకీ" అని ఎదురు క్లెయిమ్ వేశారు. కింది కోర్టు ఒప్పుకుంది కూడా. 1940లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. చట్టసభ అనుమతి లేనిదే ప్రభుత్వం మీదా, ఆ నేషన్ల మీదా దావా నడవదు. ఎదురు దావాకీ అదే రూలు. దీన్నే సావరిన్ ఇమ్యూనిటీ అంటారు.

1991లో పొటవాటమీ తెగ కేసులో కూడా అంతే. ఓక్లహోమా రాష్ట్రం సిగరెట్ పన్ను 27 లక్షల డాలర్లు కట్టమంటే తెగ కోర్టుకెళ్లింది. రాష్ట్రం ఎదురు క్లెయిమ్ వేసింది. తెగ కేసు వేసినంత మాత్రాన రక్షణ వదులుకున్నట్టు కాదని కోర్టు చెప్పింది.

ఇది చదివి నేను మొదట సంబరపడ్డా. తర్వాత ఆలోచిస్తే భయమేసింది. అదే రక్షణ ప్రభుత్వానికీ ఉంది కదా! ప్రభుత్వం నా మీద 10 లక్షలకి దావా వేసిందనుకోండి. అదే లావాదేవీలో నాకు 15 లక్షలు రావాలి. అక్కడి రూలు ప్రకారం 10 లక్షల వరకు చెల్లు. ప్రభుత్వం ఒప్పుకుంటూ చట్టం చెయ్యకపోతే మిగతా 5 లక్షలు పోయినట్టే. చిన్న తెగ ఖజానాని కాపాడే రూలు న్యాయమే అంటాను. సామాన్యుడి మీద కేసు వేసిన సర్కారుకి కూడా అదే రక్షణ ఇవ్వడం అన్యాయం.

మన దగ్గర ఎలా ఉంది? రాజ్యాంగం 300వ అధికరణ ప్రకారం ప్రభుత్వం దావా వేయొచ్చు, దాని మీదా వేయొచ్చు. అయినా 1965లో కస్తూరిలాల్ కేసు చూడండి. పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే ఎత్తుకుపోయాడు. అది సార్వభౌమ విధి అని చెప్పి పరిహారం ఇవ్వలేదు. 1994లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన నాగేంద్రరావు కేసులో గాలి మారింది. అధికారులు పట్టుకున్న సరుకు నిర్లక్ష్యం వల్ల పాడైతే ప్రభుత్వమే నష్టం కట్టాలని సుప్రీంకోర్టు తేల్చింది.

మా ఊళ్లో సర్కారు నోటీసు వస్తే పెద్దోళ్లు చేతులెత్తి దండం పెడతారు, అంతే. తిరిగి అడగొచ్చని ఎవరూ చెప్పలేదు. సివిల్ దావా అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8, రూల్ 6ఎ కింద ఎదురు దావా వేసే దారి ఉంది. అయితే ఆ హక్కు మనం జవాబు దాఖలు చేసేలోపే, లేదా దానికిచ్చిన గడువులోపే పుట్టి ఉండాలి. క్రిమినల్ కేసు సంగతి వేరు, రెండూ కలపొద్దు.

లాయరు ఫీజుకి డబ్బుల్లేవంటారా? 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. సెలవులకి ఊరెళ్లినప్పుడు కనీసం ఈ ఒక్క ముక్క ఇంట్లో చెప్పండి. నోటీసు వస్తే దాచిపెట్టకుండా మనకి ఫోన్ చెయ్యమనండి.

జై ఆదివాసీ.