బండి గతం డీలరే రాసివ్వాలి

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో కార్లు రోజుల తరబడి మురుగునీటిలో నానాయి. అలా మునిగిన బండికి మరమ్మతు గిట్టదని తేలితే బీమా సంస్థ పరిహారం చెల్లిస్తుంది, బండి తుక్కు ధరకు పోతుంది. అలా పోయిన ప్రతి బండీ తుక్కవుతుందన్న పూచీ మాత్రం లేదు. కడిగి, పాలిష్ పట్టి, కొత్త సీటు కవర్లు తొడిగితే ఇంకో ఊళ్లో అదే ‘సింగిల్ ఓనర్, షోరూమ్ సర్వీసింగ్’ బండి.

తెలిసినవాళ్లు సీటు బెల్టును కడదాకా లాగి చూస్తారు. పైపైన ఎంత తోమినా, లోపల చుట్టుకుని ఉన్న భాగంలో బురద చార దొరికిపోతుంది. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి ముక్కవాసన చూస్తారు. మీటరు మీద నలభై వేలే ఉండి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు తిప్పారేమోనని అనుమానిస్తారు, కంపెనీ సర్వీసు సెంటర్‌లో పాత రికార్డు అడుగుతారు. ఇవన్నీ చూసుకోవాల్సిందే. కానీ పైసా పైసా కూడబెట్టి తొలి కారు కొనే చిరుద్యోగికి ఈ విద్యలన్నీ వచ్చి తీరాలనడం అన్యాయం. అమ్మి లాభం తీసుకునేది డీలరు. గతం చెప్పాల్సిందీ ఆయనే.

చట్టం సగం దారి వేసింది. కేంద్ర మోటారు వాహన నిబంధనల సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పాత బండ్లు అమ్మే డీలరు రవాణా శాఖ నుంచి అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలి. యజమాని బండి అప్పగించిన సంగతి 29సీ ఫారంలో శాఖకు చేరాలి. ఆ తరువాత బండికి డీలరే యజమాని కింద లెక్క. అయినా పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాలు ఖాళీగా ఉండగానే వాటి మీద సంతకాలు పెట్టించుకుని, పేరు మార్చకుండానే బండిని చేతులు మార్చే అలవాటు పోలేదు. ఇది అమ్మినవారికీ ముప్పే. ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషన్‌లో పేరున్నవారే పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. ఇక తీరని ఫైనాన్స్, పాత చలాన్లు కొన్నవారి మెడకు చుట్టుకుంటాయి.

మిగతా సగం దారి వేయడం కష్టమేమీ కాదు. ఏ బండికి పూర్తి నష్టం కింద పరిహారం చెల్లించారో బీమా సంస్థలకు తెలుసు. క్లెయిముల సమాచారాన్ని ఒకచోట చేర్చే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, దాని పైనున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నంబరు కొడితే బీమా గడువు, ఫిట్‌నెస్ చూపే ఎంపరివాహన్ యాప్‌లో పూర్తి నష్టం క్లెయిము అన్న ఈ ఒక్క ముక్క కూడా కనిపించేలా కేంద్ర రవాణా శాఖ చూడాలి. పాత యజమాని పేరు, ఫోను నంబరు ఎవరికీ చెప్పక్కర్లేదు, బండికి ఏమైందో చెబితే చాలు.

తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ధ్రువపత్రం లేని యార్డుల్లో అమ్మకాలను ఆపించాలి. మీటరు రీడింగు, పెద్ద ప్రమాదాలు, మునక, క్లెయిములు డీలరు సంతకంతో బిల్లు మీదే ఉండాలి. అబద్ధమని రుజువైతే సొమ్మంతా వాపసు ఇప్పించి, ధ్రువపత్రం రద్దు చేయాలి. ఆ నిబంధన వచ్చేదాకా, రాసివ్వడానికి వెనకాడే డీలరుకు ఎవరూ అడ్వాన్సు ఇవ్వవద్దు.