అయ్యవారి మాట: బల్లమీద కూచున్నవాడు



తిరుపతిలో ఏడవ తరగతి చదివే ఒక చిరంజీవి నాకు ఉత్తరం రాశాడు. "అయ్యవారూ, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో మన దేశం ఎప్పుడూ ఆడలేదు కదా! పోనీ, మనవాడు ఎవరైనా ఆడినారా?" అని అడిగాడు.

మన దేశానికి 1950లో బ్రెజిల్ వెళ్లి ఆడే అవకాశం వచ్చింది గాని, మన జట్టు వెళ్లలేదు. ఆ తరవాత అలాంటి అవకాశం రాలేదు. అయితే తెలుగు వంశంలో పుట్టినవాడు ఒకడు 2006 ప్రపంచ కప్పులో ఆడాడు. ఆయన చొక్కా మీద ఉన్నది మాత్రం ఫ్రాన్సువారి కోడిపుంజు! ఆయన పేరు వికాష్ ధొరాసూ.

వికాష్ అన్న పేరు ఫ్రాన్సుకు ఎలా చేరింది? ఆ కథ చాలా పాతది.

హిందూ మహాసముద్రంలో మారిషస్ అనే చిన్న ద్వీపం ఉన్నది. అక్కడ బానిసత్వం రద్దు కావడంతో చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. 1834 మొదలు 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది భారతీయులు, ఇన్నేళ్లు పనిచేస్తామని ఒప్పుకుని, పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి రేవు పేరుమీద అక్కడ వారిని "కోరంగీలు" అనేవారు. ఈనాటికీ మారిషస్‌లో ఉగాది సెలవుదినం. ఈనాటికీ అక్కడి తెలుగువారు సింహాద్రి అప్పన్నను కొలుస్తారు.

వికాష్ పూర్వులు అలా మారిషస్ చేరినవారు. తరవాత ఆ కుటుంబం ఫ్రాన్సుకు వెళ్లింది. 1973 అక్టోబరు 10న, లె హావ్ర్ రేవు పట్టణం పక్కనే ఉన్న ఆర్ఫ్లూర్ అనే ఊళ్లో వికాష్ పుట్టాడు.

ఆయన పొడగరి కాదు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి. మైదానం నడుమ ఆడేవాడు. బావి దగ్గరనుంచి తొట్టిదాకా మనుషులు వరసగా నిలబడి బిందెలు అందిస్తారు చూడండి, అందులో నడిమి మనిషి పని ఆయనది. వెనకవారి దగ్గర బంతి తీసుకుని, దారి చూసి, ముందువారికి అందించాలి. గోలు కొట్టినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. అందించినవాడి పేరు ఆట బాగా తెలిసినవారికే తెలుస్తుంది.

1993లో లె హావ్ర్ క్లబ్బులో మొదలుపెట్టి, ఆపైన లియోన్ క్లబ్బుకు వెళ్లాడు. 2003లోనూ 2004లోనూ లియోన్ ఫ్రాన్సు విజేత అయింది. అక్కడినుంచి ఇటలీలోని మిలాన్‌కు పోయాడు. 2005 మే నెలలో ఇస్తాంబుల్ నగరంలో యూరపు క్లబ్బుల ఫైనలు జరిగింది. మిలాన్ మూడు గోల్స్ ముందుండి కూడా ఓడిపోయింది. ధొరాసూ ఆ ఆటంతా బల్లమీద కూచుని చూశాడు. ఆడమని పిలుపు రాలేదు.

ఆ ఏడే పారిస్ జట్టులో చేరాడు. 2006 ఏప్రిల్ 29న ఫ్రాన్సు కప్పు ఫైనలులో మార్సెయ్ మీద దూరంనుంచి ఒక గోలు కొట్టాడు. పారిస్ 2–1తో గెలిచింది. బిందెలు అందించే చెయ్యి ఆ రోజు తొట్టి నింపింది!

ఆ వేసవిలోనే ప్రపంచ కప్పు. స్విట్జర్లండు మీదా, దక్షిణ కొరియా మీదా ఆట ముగియబోతుండగా ఆయనను దింపారు. రెండూ కలిపితే మీ బడిలో ఒక పీరియడులో సగమైనా ఉండదు. ఆ తరవాత దింపనే లేదు. జూలై 9న బెర్లిన్‌లో ఫైనలు. ఫ్రాన్సు ఇటలీ చేతిలో ఓడింది. ధొరాసూ మళ్లీ బల్లమీదనే.

ఆ రోజుల్లో ఆయన ఒక చిన్న సినిమా కెమెరా దగ్గర ఉంచుకున్నాడు. హోటలు గదినీ, ఎదురుచూపునూ, తన దిగులునూ తానే చిత్రించుకున్నాడు. అది మిత్రుడు ఫ్రెడ్ పూలేతో కలిసి తీసిన "సబ్‌స్టిట్యూట్" అనే చలనచిత్రం అయింది. గెలిచినవారు తమ గెలుపును చూపటం మామూలే. ఆడించనివాడు తన బాధను దాచకుండా చూపటానికి ధైర్యం కావాలి.

ఇది చదివినప్పుడు నాకు ఒక పిల్లవాడు గుర్తుకొచ్చాడు. అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఒక బడిలో పనిచేస్తూ జట్టును పోటీలకు తీసుకుపోయేవాణ్ణి. వాడు మూడేండ్లు వరసగా మాతో వచ్చాడు. అందరికీ నీళ్లు అందించేవాడు, బంతులు ఏరేవాడు. "నన్నెప్పుడు దింపుతారు అయ్యవారూ?" అని ఒకసారి అడిగాడు. "చూద్దాంలేరా" అన్నాను. మూడేండ్లలో ఒక్కసారీ దింపలేదు. తప్పు నాది. ఆ "చూద్దాం" వాడికి ఎంత బరువో నేను ఆలోచించలేదు.

సరే, ఉత్తరం రాసిన చిరంజీవికి జవాబు. నాయనా, మనిషి మూలాలు రెండు మూడు దేశాల్లో ఉండవచ్చు. మన చట్టం ప్రకారం పౌరసత్వం మాత్రం ఒక్కటే. ధొరాసూ ఫ్రాన్సు పౌరుడు. ఆ దేశపు మైదానాలు ఆయనకు ఆట నేర్పాయి. పూర్వులు సముద్రం దాటి చెరకు తోటల్లో వంచిన నడుము కూడా ఆయన కథలో ఉన్నది. అందువల్ల "మనవాడే" అని సంతోషించు, తప్పులేదు. కాని ఒక షరతు. గోలు కొట్టినరోజు మనవాడు, బల్లమీద కూచున్నరోజు పరాయివాడు అనకూడదు. రెండు రోజులూ మనవాడే కావాలి. మీ బడి జట్టులో బల్లమీద కూచున్నవాడు కూడా అంతే.

బాలలూ, ఇప్పుడు అట్లాసు తియ్యండి. కోరంగి, పోర్ట్ లూయీ, లె హావ్ర్: ఈ మూడు రేవులనూ వెతికి ఒక గీతతో కలపండి. ఆ గీత ఎంత పొడవున్నదో మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, ఈ కథ చెప్పండి.