తోముట జీర్ణోద్ధరణము గాదు

మన పాత యిండ్లలో గోడకు వ్రేలాడు ముత్తాతనాటి తుపాకికి విజయదశమినాడు పసుపు కుంకుమలు దక్కును. తక్కిన దినములలో బూజే దాని యలంకారము. ఇందుకు మాకంత చింత లేదు. బూజు దులిపిన పోవును. గృహస్థునకు హఠాత్తుగా వంశాభిమానము పుట్టి, దానిని మెరుగుపెట్టువాని యంగడికి పంపిన నాడే మాకు భయము.

మా మిత్రులొకరి యింట నిట్లే జరిగినది. వారిది చెకుముకిరాతితో పేలు తుపాకి. రాతి నిప్పు పుట్టించు యంత్రపు పలకమీద హృదయాకారమైన చిన్న ముద్రయు, చేసినవాని పేరును, సంవత్సరమును ఉండెడివి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1808 ప్రాంతము వఱకు ఆ హృదయముద్రను, పిమ్మట సింహముద్రను తమ తుపాకులకు వేయించిరి. కావున ఆ పలక యొక్కటియే తుపాకి యేనాటిదో, యెవరి సేనదో చెప్పగలిగెను. దానిని చూపి మేము పిల్లలకు చరిత్ర చెప్పియుంటిమి. మఱుసటి పండుగకు పోయి చూడగా తుపాకి యద్దమువలె నున్నది. ముద్రయు లేదు, పేరును లేదు. రెండు శతాబ్దముల సాక్ష్యమును ఆకురాయి మ్రింగినది. “మాష్టారూ, క్రొత్తదానివలె లేదా?” అని మిత్రులు సంతోషముతో నడిగిరి. క్రొత్తదానివలె నుండుటయే దానికి కలిగిన చేటని వారితో నెట్లు చెప్పుదుము?

దేవాలయ శాసనములపై సున్నము కొట్టి, శుభ్రమైనదని మురియు బుద్ధియే యిది. తుప్పు అంతయు నొక్కటి గాదు. ఎఱ్ఱగా పొడి రాలునది లోహమును తినుచుండును. దానిని తేలిక నూనెతోను, మెత్తని గుడ్డతోను మెల్లగా తీయవలసినదే. నల్లగా గట్టిపడి యంటుకొన్న పొర యట్టిది గాదు, దానిని కదల్పరాదు. ఇనుప, ఉక్కు పేళ్లను మెలిపెట్టి, కాచి, సమ్మెటతో నతికిన గొట్టములు కొన్ని కలవు. వాని యల్లికను కంటికి కనబఱచునది కమ్మరి బుద్ధిపూర్వకముగా పట్టించిన గోధుమవన్నెయే. దానిని తోమినవాడు మురికిని గాదు, పనితనమును తుడిచినవాడు.

కొందఱు మఱియొక మెట్టెక్కి, “పేలని తుపాకి తుపాకియా?” అందురు. ఆ యతుకుల లోపలి తుప్పు కంటికి కనబడదు. నేటి పొగలేని మందు పుట్టించు నొత్తిడికై ఆ గొట్టములు చేయబడలేదు. అది పగిలిన ముక్కలు గురిమీదికి గాక కాల్చువాని ముఖముమీదికే వచ్చును. చట్టమును వినుడు. 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము, బాగుచేసినను పేల్చుటకు పనికిరాని పాత ఆయుధమునకే మినహాయింపు నిచ్చినది.

అన్నిటికంటె ముందుమాట యొకటి. గోడమీది తుపాకి వట్టిదని నమ్మకుడు. ఎవరో దట్టించిన మందు, గుండు అందే యుండవచ్చును. నల్లమందు పొడిగా నున్నంతకాలము, నూఱేండ్లు గడచినను తన గుణము విడువదు. గొట్టములోనికి సన్నని కఱ్ఱపుల్లను మెల్లగా దింపి, దాని కొలతను వెలుపల మందు అంటుకొను రంధ్రము వఱకు గల కొలతతో పోల్చుడు. పుల్ల చాల ముందే నిలిచినచో కదల్పక, పిల్లలను దూరముగా నుంచి, తెలిసినవారిని పిలువుడు. వేడిచేయుట, తొలుచుట ప్రాణాంతకములు.

“మా సొత్తు, మా యిష్టము” అను వారికి మా ప్రత్యుత్తర మిది. దానిని మీరు చేయలేదు, కొనలేదు. తాతలు మీచేత నుంచిరి, మీరు మనుమల చేత నుంచవలయును. నడుమ చెఱుపుటకు మీకేమి యధికారము? యుద్ధమును నిరసించువారు సైతము ఈ సాక్ష్యమును కాపాడవలయును. ఈ తుపాకి యెవరిని కాచినదో, యెవరిని కాల్చినదో రేపటివారు విచారింతురు. ముద్ర చెఱిగినచో వంశపు డంబమునకు అడ్డు చెప్పు సాక్షి యుండదు.

పని చేయింపదలచినచో ముందు ఛాయాచిత్రము తీయించుడు. విఱిగిన మరను పాఱవేయక దాచుడు. క్రొత్తది వేసిన, క్రొత్తదని గుర్తు పెట్టించుడు. రేపు మరల తీసివేయ వీలుకాని పని నేడు చేయింపకుడు. ఈ విజయదశమికి మాత్రము తడి పసుపును తుపాకికి గాక, దాని ప్రక్క గోడకు పూయుడు. దేవి కోపింపదు, ఇనుము సంతోషించును.