మెరిట్ ఎవరు రాస్తారు? – 6: సెయిలర్ కాగితం



రిజర్వేషన్ల మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒక మాట వస్తుంది. "సైన్యంలో రిజర్వేషన్ లేదు, అక్కడంతా మెరిటే, అందుకే దేశం భద్రంగా ఉంది." ఈ మాట అనేవాళ్లను వాదనతో కాదు, ప్రశ్నలతో ఆపండి. ఆ మెరిట్‌ను ఎవరు రాస్తారు? ఏ కాగితం మీద రాస్తారు? రాసింది ఆ సైనికుడికి చూపిస్తారా?

ఈసారి అమెరికా నేవీని చూద్దాం. అక్కడ సెయిలర్ల మూల్యాంకనం ఫారం, దాని నియమాలు ఎవరైనా చదువుకోవచ్చు. ఈ-1 నుంచి ఈ-6 వరకు ఉన్న సెయిలర్‌కు ఏడు అంశాల మీద మార్కులు వేస్తారు. వృత్తి పరిజ్ఞానం, పని నాణ్యత, నడవడిక, చొరవ, జట్టుగా పనిచేయడం, నాయకత్వం, సమాన అవకాశాల వాతావరణం. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు. ఆ తర్వాత అసలు గడి వస్తుంది. ప్రమోషన్ సిఫార్సు. అందులో అయిదు మెట్లు. అందరికంటే పైన 'ఎర్లీ ప్రమోట్', దాని కింద 'మస్ట్ ప్రమోట్', 'ప్రమోటబుల్', 'ప్రోగ్రెసింగ్', అట్టడుగున 'సిగ్నిఫికెంట్ ప్రాబ్లమ్స్'.

పై మెట్టుకు కోటా ఉంది. ఒకే హోదాలో ఉన్న గుంపులో సుమారు అయిదుగురిలో ఒకరికే అది ఇవ్వాలి. ఇరవై మందీ బ్రహ్మాండంగా పనిచేసినా నలుగురే 'ఎర్లీ ప్రమోట్'. కోటా అంటే భగ్గుమనేవాళ్లు ఈ కోటా సంగతి ఎప్పుడూ ఎత్తరు. అమెరికా నేవీ ప్రమోషన్ లెక్కలో ఏళ్ల తరబడి 'ఎర్లీ ప్రమోట్'కు 4.0, 'ప్రమోటబుల్'కు 3.6 పాయింట్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పరీక్ష మార్కులు, సర్వీసు కాలం, పతకాలు అన్నీ కలిపి తీసే తుది స్కోరులో కొద్ది పాయింట్ల తేడాతోనే ఎందరో ఆగిపోతారు. 'ప్రమోటబుల్' అంటే ప్రమోషన్‌కు అర్హుడని అర్థం. ఆచరణలో మాత్రం 'నువ్వు ఇంకా ఆగు' అనే మర్యాదైన మాట.

ఇక రాత సంగతి. పై అధికారి రాసే ముందు, తాను ఏడాదంతా ఏం చేశాడో సెయిలరే రాసి ఇవ్వాలి. ఎంతమందికి శిక్షణ ఇచ్చాడు, ఎన్ని గంటలు ఆదా చేశాడు, ఏ యంత్రాన్ని నిలబెట్టాడు అని అంకెల్లో చెప్పాలి. నాన్న, తాత నేవీలో చేసిన ఇంటి పిల్లాడికి ఆ భాష భోజనాల దగ్గరే వస్తుంది. మొదటి తరం నుంచి వచ్చినవాడు అదే పని చేసి 'డ్యూటీ చేశాను' అని ఒక్క ముక్క రాస్తాడు. పని సమానం, కాగితం సమానం కాదు. వైవా గదిలో, సినాప్సిస్ ముందు, ఫెలోషిప్ దరఖాస్తు ముందు మన పిల్లలకు జరిగేది కూడా ఇదే.

గడులు సరిగ్గా ఉంటే న్యాయం జరిగినట్టేనా? డోరీ మిల్లర్‌ను గుర్తుచేసుకోండి. అమెరికా నేవీ నల్లవాళ్లను వంటశాలకే పరిమితం చేసిన కాలం. ఆఫీసర్లకు వడ్డించడమే ఉద్యోగం. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినప్పుడు, వెస్ట్ వర్జీనియా నౌక మీద మెస్ అటెండెంట్‌గా ఉన్న మిల్లర్ గాయపడినవాళ్లను మోశాడు. ఎవరూ శిక్షణ ఇవ్వని మెషీన్ గన్ పట్టుకుని విమానాల మీద కాల్చాడు. 1942లో నేవీ క్రాస్ పతకం ఇచ్చారు. 1943 నవంబర్‌లో నౌక మునిగి చనిపోయేనాటికి అతని హోదా కుక్, మూడో తరగతి. పతకం గుండె మీదికి వచ్చింది, మనిషి మాత్రం వంటగది దాటలేదు. 1970లో అడ్మిరల్ జుమ్‌వాల్ట్ నేవీలో వివక్ష ఉందని ఒప్పుకుంటూ ఆదేశం జారీ చేయాల్సి వచ్చింది. ఉందని ఒప్పుకున్నాకే సరిదిద్దడం మొదలవుతుంది.

అయినా ఆ ఫారంలో మనం అడిగి తీసుకోవాల్సినది ఒకటుంది. సెయిలర్ ఆ కాగితం చూస్తాడు, సంతకం పెడతాడు, ఒప్పుకోకపోతే తన వాదన రాతపూర్వకంగా జతచేయొచ్చు. మధ్యలో ఒకసారి పిలిచి లోపాలేమిటో చెప్పాలి.

మన దేశానికి రండి. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు గొప్ప మాట చెప్పింది. ఆయన బోర్డర్ రోడ్స్‌లో ఇంజనీర్. ప్రమోషన్‌కు 'వెరీ గుడ్' కావాలి, ఒక ఏడాది రిపోర్టులో 'గుడ్' అని రాశారు, ఆయనకు చెప్పలేదు. ఆ 'గుడ్'తోనే ప్రమోషన్ పోయింది. ఉద్యోగి ఏసీఆర్‌లో రాసిన ప్రతి మాటా అతనికి తెలియజేయాలని కోర్టు తీర్పిచ్చింది. అదే తీర్పులో, ఇది మిలిటరీ ఆఫీసర్లకు వర్తించదని కూడా రాసింది. నక్షత్రాలు పెట్టుకున్న ఆఫీసర్‌కే దక్కని హక్కు, డెక్ తుడిచే సెయిలర్‌కు ఎవరిస్తారు?

ఇది ఇవాళ్టి ప్రశ్న. 2022లో అగ్నిపథ్ వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో కాల్పులు జరిగి మన పిల్లాడు ఒకడు పోయాడు. నాలుగేళ్లు సేవ చేశాక 25 శాతం వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇంటికే. నేవీ తొలి బ్యాచ్ 2023 మార్చిలో ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ ముగించుకుంది. ఎవరిని ఉంచాలో తేల్చేది నాలుగేళ్ల పనితీరు, నిష్పాక్షిక ప్రమాణాలు అంటున్నారు. పనితీరు అంటే ఎవరో రాసిన కాగితమే కదా! అమెరికాలో ఆ కాగితం ప్రమోషన్‌ను ఆపుతుంది. ఇక్కడ ఉద్యోగాన్నే తీసేస్తుంది. దరఖాస్తులో కులం అడుగుతారు, అది పాత పద్ధతేనంటారు. అడిగిన కులాన్ని ఫలితాల దగ్గర ఎందుకు లెక్కించరు?

"ఇవన్నీ అడిగితే క్రమశిక్షణ పోతుంది" అంటారు. 1946 ఫిబ్రవరిలో బొంబాయి తల్వార్‌లో రేటింగ్‌లు తిరగబడింది చెడ్డ తిండి మీద, కమాండర్ నోటి దురుసు మీద. ఫిర్యాదుకు దారి మూస్తే క్రమశిక్షణ ఎలా ఉంటుందో ఆ రోజు లోకం చూసింది. రహస్యం నౌకకు ఉండాలి. సెయిలర్ మార్కులకు ఎందుకు?

మన డిమాండ్లు నాలుగు. ప్రతి అగ్నివీర్ మూల్యాంకనం అతనికి చూపించి సంతకం తీసుకోవాలి. అభ్యంతరం జతచేసే హక్కు ఇవ్వాలి. ఒక్క అధికారి రాతతో తేల్చకూడదు. ఉంచినవాళ్లు, పంపినవాళ్లు ఎవరో పేర్లు లేకుండా, కులాలవారీగా లెక్క ప్రకటించాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊళ్లో, వాడలో అగ్నివీర్ ఉంటే ఫోన్ చేయండి. చేసిన ప్రతి పని, చేసిన తేదీ, నేర్చుకున్న కోర్సు, అందుకున్న మెప్పు నోట్‌బుక్‌లో రాసుకోమనండి. నౌక పేరు, కదలికలు రాయొద్దనండి, తన పని మాత్రమే. వాళ్ల కాగితం మన చేతిలో లేదు. మన కాగితమైనా మనం రాసుకుందాం.

తర్వాతి భాగంలో ప్రమోషన్లలో రిజర్వేషన్, 77వ సవరణ గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.