సగం కంటే తక్కువా?

మా ఎదురింటి ఆరో తరగతి బుడతడు మొన్న ఏడుపు మొహంతో వచ్చాడు. లెక్క ఇదీ: ‘రాము తన డబ్బులో సగం పుస్తకాలకీ, మూడో వంతు చెప్పులకీ ఖర్చు పెట్టాడు. ఇంకా 50 రూపాయలు మిగిలాయి. మొదట ఎంత ఉంది?’

వీడు పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేశాడు: 1/2 + 1/3 = 2/5. ఇంట్లో మొట్టికాయ పడింది. తప్పెక్కడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

‘ఒరేయ్, సగం చపాతీ తిన్నావు. తర్వాత ఇంకో మూడో వంతూ తిన్నావు. మొత్తం సగం కంటే తక్కువ తిన్నట్టా?’ అన్నాను. 2/5 సగం కంటే చిన్నదే కదా! వాడికి నవ్వొచ్చింది. దారి దొరికింది.

ముక్కలన్నీ ఒకే సైజులో ఉంటేనే కలిపి లెక్కపెట్టగలం. క.సా.గు. చేసే పని అదే. 2, 3ల క.సా.గు. 6. చపాతీని ఆరు ముక్కలు చేస్తే సగమంటే 3, మూడో వంతంటే 2. మొత్తం 5/6. మిగిలింది 1/6.

మొదటి సొమ్ము ‘ఎక్స్’ అనుకుందాం. అందులో ఆరో వంతు 50. కాబట్టి ఎక్స్ = 50 × 6 = 300. సరిచూద్దామా? 150 + 100 + 50 = 300. సరిపోయింది!

11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల్ని అంత ఇష్టంగా చెప్పుకున్న భాష మనది. మరి పిల్లలకి మొట్టికాయలెందుకు? తప్పు చేస్తే ‘ఎలా చేశావురా?’ అని అడిగి చూడండి. చాలాసార్లు తప్పు వాళ్లకే దొరుకుతుంది.

ఈ వారం మీకు: ఒక సంఖ్యకి దానిలో నాలుగో వంతు కలిపితే 45. ఆ సంఖ్యెంత? జవాబు వచ్చే వారం.