ఇంకో ఐదు పౌండ్లు

రాసినదానికి డబ్బు అడగాలంటే మనలో చాలామందికి నోరు పెగలదు. ఉగాది సంచికకి వ్యాసం, పిల్లల నాటికకి మాటలు, ఎవరి షష్టిపూర్తికో సన్మానపత్రం... ఎవరు అడిగినా వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని రాసి ఇచ్చేస్తాం. హాలుకీ, భోజనాలకీ, ఫొటోలకీ బడ్జెట్ ఉంటుంది. రాసినావిడకి మాత్రం ఒక శాలువా. నోరు తెరిచి అడిగితే సరస్వతిని అమ్ముకుంటోంది అంటారేమోనని భయం. అందుకే ఈసారి ఆఫ్రా బెన్ గురించి చెప్పాలనిపించింది. ఇంగ్లండులో రాతనే జీవనాధారం చేసుకున్న తొలితరం స్త్రీలలో ముందుగా వినిపించే పేరు ఆవిడదే.

1666లో రెండో చార్లెస్ రాజు తరఫున గూఢచారిగా ఆవిడ ఆంట్‌వర్ప్ వెళ్ళింది. పని చేయించుకున్నవాళ్ళు డబ్బు పంపలేదు. అప్పులు చేసి లండన్‌కి తిరిగొచ్చింది. రాజుగారికి అర్జీల మీద అర్జీలు పెట్టుకుంది. అప్పు తీర్చకపోతే జైలుకి వెళ్ళాల్సిన పరిస్థితి. అప్పుడు కలం పట్టింది.

లండన్ రంగస్థలం మీద ఆడవాళ్ళు నటించడం మొదలై అప్పటికి పదేళ్ళు. బెన్ మొదటి నాటకం 1670లో ఆడారు. ఆ రోజుల్లో రచయితకి దక్కేది మూడోరోజు వసూలు, అందులోనూ ఖర్చులు పోగా మిగిలినది. రెండోరోజుకే జనం పలచబడి నాటకం ఎత్తేస్తే నెలల శ్రమకి చిల్లిగవ్వ రాదు. ఆవిడ తొలి నాటకం ఆరు రోజులు ఆడింది.

ఇంచుమించు అదే కాలంలో తంజావూరులో విజయరాఘవ నాయకుడు మన రంగాజమ్మకి కనకాభిషేకం చేశాడు. అక్కడ రాజు మెచ్చితే కవయిత్రికి బతుకు గడిచేది. బెన్‌కి మాత్రం టికెట్టు కొని లోపలికొచ్చే జనం మెచ్చాలి, అదీ మూడోరోజు దాకా.

జనం మెచ్చారు కూడా. దాంతో ఆవిడ నాటకాల్లో బూతు ఉందని విమర్శలు మొదలయ్యాయి. 1678లో ఒక నాటకాన్ని అచ్చు వేస్తూ ముందుమాటలో జవాబు చెప్పింది: ఇవే మాటలు మగవాడు రాస్తే ఎవరికీ తప్పనిపించదు, నేను తిండి కోసం రాస్తున్నాను, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు అని దాని సారాంశం.

1682లో లండన్‌లోని రెండు నాటక కంపెనీలు ఒక్కటైపోయాయి. పోటీ లేకపోయేసరికి కొత్త నాటకాలకి గిరాకీ పడిపోయింది. బెన్ కవితలూ, అనువాదాలూ, కథలూ రాయడం మొదలుపెట్టింది. ఇప్పటికీ కాలేజీల్లో పాఠంగా చెప్పే 'ఓరూనోకో' 1688లో వచ్చింది. మరుసటి ఏడే ఆవిడ చనిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ఆవిడ రాసిన ఒక చిన్న ఉత్తరం. 1684లో ఆవిడ కవితల పుస్తకం వేసిన జేకబ్ టాన్సన్‌కి రాసింది. నా లెక్కలో ఇవి ముప్ఫై పౌండ్లు చేస్తాయి, ఇరవై అయిదైనా ఇవ్వండి, ఇంకో ఐదు పౌండ్లు కలపండి అని బతిమాలింది. చాలాకాలంగా రాబడి లేక ఇబ్బందిలో ఉన్నానని దాచుకోకుండా చెప్పుకుంది. అంత ఇబ్బందిలోనూ తన కవితల వెల తానే ముందు చెప్పింది.

బెన్ సమాధి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ వసారాలో ఉంది. ఆడవాళ్ళందరూ దానిమీద పూలు చల్లాలని 1929లో వర్జీనియా వుల్ఫ్ రాసింది. లండన్‌లో ఉన్నవాళ్ళకి అది సులువే. మిగతావాళ్ళం ఇంకో పని చెయ్యొచ్చు. ఈసారి ఎవరైనా "మీరైతే చకచకా రాసేస్తారండీ" అంటూ ఫోన్ చేస్తే, "తప్పకుండా రాస్తాను, దీనికి ఎంత అనుకున్నారు?" అని అడుగుదాం. మన ఊరి బడి కోసమో, గుడి కోసమో అయితే ఆ డబ్బు మనమే వద్దనవచ్చు. వద్దనాలన్నా ముందు వాళ్ళు ఇవ్వజూపాలి కదా!