బాప్తిస్మానికి అర్థం చెప్పేదెవరు?

మన దేశంలో బాప్తిస్మానికి మూడు అర్థాలు చలామణీలో వున్నాయి. చర్చి చెప్పేది ఒకటి: పాత మనిషి చచ్చి కొత్త మనిషి పుట్టాడు. ప్రభుత్వం చెప్పేది రెండోది: షెడ్యూల్డు కులస్థుడు చచ్చి క్రైస్తవుడు పుట్టాడు. వూరు చెప్పేది మూడోది: యెవడూ చావలేదు, యెవడూ పుట్టలేదు, మాదిగవాడు మాదిగవాడే, మాలవాడు మాలవాడే. యీ మూడింటిలో కళ్ళకు కనిపించే నిజం వూరు చెప్పిందే. అయినా శిక్ష పడేది మాత్రం ప్రభుత్వం చెప్పిన అర్థాన్ని బట్టి. చర్చి చెప్పే అర్థం ఆదివారం ప్రసంగానికి పరిమితమై పోయింది. యీ పెడ వ్యవహారాన్ని గురించి అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం యింతకాలం మాట్లాడక పోవడం న్యాయం కాదు. మతం గొడవ మనకెందుకని తప్పుకోవడానికి వీల్లేదు. యిది మతం గొడవ కాదు, కూడు గొడవ.

ముందు బాప్తిస్మమంటే యేమిటో చూద్దాం. సువార్తల్లో మొట్టమొదట బాప్తిస్మమిచ్చిన వాడు యోహాను. యొర్దాను నది ఒడ్డుకు వచ్చిన జనం మేమేం చెయ్యాలని అడిగితే అతడు మంత్రాలు చెప్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి యివ్వాలన్నాడు. పన్నులు వసూలు చేసే వాళ్ళు నిర్ణయించిన దానికి మించి గుంజకూడదన్నాడు. సిపాయిలు జనాన్ని బెదిరించి డబ్బు లాక్కోకూడదన్నాడు. లూకా సువార్త మూడో అధ్యాయంలో యెవరైనా చదువుకోవచ్చు. అంటే నీళ్ళలో దిగడానికి ముందు ఆస్తి లెక్క తేలాలన్న మాట. తర్వాత పౌలు గలతీయులకు రాసిన లేఖలో బాప్తిస్మం పొందిన వారి మధ్య యూదుడు, గ్రీకువాడు, దాసుడు, స్వతంత్రుడు, స్త్రీ, పురుషుడు అనే తేడా నిలవదన్నాడు. రోమీయుల లేఖలో దాన్ని క్రీస్తుతో పాటు సమాధి అయి తిరిగి లేవడంతో పోల్చాడు. కనుక బాప్తిస్మం వొంటి మురికి కడిగే స్నానం కాదు. పాత సంబంధాలకు పెట్టే కర్మకాండ. భేదాలు లేని సంఘంలో సభ్యత్వం.

అందులోనూ క్రైస్తవులందరిదీ ఒకే మాట కాదు. కేథలిక్కులు, మెథడిస్టు, ఆంగ్లికను సంప్రదాయాల వారు పసిపిల్లలకు బాప్తిస్మమిస్తారు, తల్లిదండ్రుల విశ్వాసం చాలునంటారు. బాప్టిస్టులు తెలిసిన వయస్సులో తానుగా ఒప్పుకుంటే తప్ప యివ్వరు, పూర్తిగా ముంచితే తప్ప ఒప్పరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం యేర్పడినప్పుడు మెథడిస్టులు, ఆంగ్లికన్లు ఒకటైనా బాప్టిస్టులు బయటే వుండి పోయారు. యిన్ని శతాబ్దాలుగా చర్చిలోపలే తెగని విషయాన్ని మన ప్రభుత్వం ఒక్క వాక్యంతో తేల్చేసింది! ఆ సంగతికి తర్వాత వస్తాను.

తెలుగునాట యీ నీళ్ళలోకి దిగినవాళ్ళెవరు? 1876-78 మధ్య మద్రాసు రాజధానిని కాల్చిన కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలాది మాదిగలకు పని చూపించాడు. కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జూలై 3న, ఒక్క రోజున, 2,222 మంది బాప్తిస్మం పొందారు. యిచ్చినవాళ్ళు దొరలు కారు, తెలుగు బోధకులే. బాప్తిస్మానికి పెట్టిన షరతులు చూడండి: చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పనికి పోకూడదు, వూరి జాతరలో డప్పు కొట్టకూడదు. మోతుబరులకు, కరణాలకు మండింది యేసు మీద కాదు, యీ షరతుల మీద. పిలిస్తే రావలసినవాడు రానంటున్నాడు, అదీ వాళ్ళ బాధ.

మా మెదకు సీమలో జరిగింది వేరు కాదు. నేను పనిచేసే దౌల్తాబాద్ 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లాలో చేరిందిగాని అంతకు ముందు మెదకు జిల్లాయే. నిజాం రాజ్యంలో యిక్కడి మాలమాదిగలకు వెట్టి తప్ప వేరే బతుకు లేదు. పటేలు కబురంపితే పోవాలి, దేశ్‌ముఖు గడీకి కట్టెలు మొయ్యాలి, వచ్చిన అధికారి మూటలు తలకెత్తుకోవాలి. వెస్లియను మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ యీ ప్రాంతంలో కుదురుకొని బళ్ళు, ఆస్పత్రులు పెట్టిస్తే జనం గుంపులు గుంపులుగా ఆ వైపు నడిచారు. 1914లో మొదలుపెట్టిన మెదకు చర్చిని పదేళ్ళు కట్టారు, 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. యివాళ దాని గోపురం చూడడానికి వచ్చే యాత్రికులు రంగు అద్దాలను మెచ్చుకొని పోతారు. ఆ రాళ్ళు మోసిన చేతులు యెవరివని అడిగేవాళ్ళు తక్కువ.

మన మిత్రులు కొందరు యిక్కడ నవ్వుతారు. “గంజినీళ్ళకు మతం మారారు, యిందులో గొప్పేముంది?” అంటారు. యీ వెక్కిరింపు భూస్వాముల నోట పుట్టింది. మన నోట పలకడం సిగ్గుచేటు. ఆకలిగొన్నవాడు అన్నం దొరికే చోటికి పోతే తప్పేమిటి? అన్నం పెట్టని ధర్మం సిగ్గుపడాలిగాని అన్నం తిన్నవాడెందుకు సిగ్గుపడాలి? పైగా వాళ్ళు కోరింది అన్నం ఒక్కటే కాదు. బడిలో పలక కోరారు, పేరు చివర ‘గాడు’ లేని పిలుపు కోరారు, ఆరు రోజులు చాకిరీ చేసి యేడో రోజు కాదనగలిగే హక్కు కోరారు. 1946-51 తెలంగాణా సాయుధ పోరాటంలో సంఘం వెట్టి మీద తిరగబడిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని ఆ వెట్టికి అంతకు చాలా ముందే బాప్తిస్మం పేరుతో ఒక ‘ఆదివారం సమ్మె’ జరిగిందని యెందుకు ఒప్పుకోం? మార్క్సు 1844లో మతాన్ని గురించి రాసిన మాటల్లో మత్తుమందు అన్న మాటొక్కటే మనవాళ్ళు కంఠస్థం చేశారు. అణగారినవాళ్ళ బాధే మతంలో పలుకుతుందని ఆయన అక్కడే, ఆ పక్కనే అన్నాడని మర్చిపోయారు.

యిక ప్రభుత్వం సంగతి. 1936లో బ్రిటిషు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల జాబితా వేసినప్పుడే భారతీయ క్రైస్తవుడెవడూ అందులోకి రాడని తేల్చింది. క్రైస్తవ ప్రభువులు క్రైస్తవులకు దోచిపెట్టారనే వాళ్ళు యీ ఉత్తర్వు చదువుకోవాలి. 1950లో మన రిపబ్లిక్ రాష్ట్రపతి ఉత్తర్వు తెచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందూ మతస్థుడు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. మంచిదే. సిక్కు మతం కులాన్ని ఒప్పుకుంటుందా? బౌద్ధం ఒప్పుకుంటుందా? ఒప్పుకోవు. అయినా వాటిలో చేరిన దళితుడి నెత్తిమీద కులం అలాగే వున్నదని గ్రహించి సవరించారు. అదే తర్కం క్రైస్తవుడి దగ్గరికీ ముస్లిం దగ్గరికీ వచ్చేసరికి యెందుకు చచ్చుబడింది? షెడ్యూల్డు తెగలకు అసలు మత నియమమే లేదు. గిరిజనుడు బాప్తిస్మం పొందినా గిరిజనుడే. మాదిగను మాత్రం నీళ్ళు కరిగించేస్తాయట!

యింకో విచిత్రం వినండి. క్రైస్తవుల యింట పుట్టిన మాదిగ విద్యార్థి ఒకరు హిందూమతంలోకి వస్తే, కులంవాళ్ళు తమలో కలుపుకుంటే, అతడు మళ్ళీ షెడ్యూల్డు కులస్థుడే అవుతాడని 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఒక తంతుతో పోయిన కులం మరో తంతుతో తిరిగి వస్తుందన్న మాట. పోయిన వస్తువు తిరిగి వచ్చిందంటే అది యెక్కడో వుండబట్టే గదా! యీ తలుపు ఒక్క వైపుకే తెరుచుకుంటుంది. బయటికి పోయేవాడికి జరిమానా, లోపలికి వచ్చేవాడికి బహుమానం. యిది మత స్వేచ్ఛ అనిపించుకుంటుందా?

1985 జూలై 17న కారంచేడులో భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ పల్లెలో చాలామంది క్రైస్తవులు. గొడ్డళ్ళు పట్టినవాళ్ళు యెవరికీ బాప్తిస్మపు రిజిస్టరు తిరగేసి చూడలేదు. ఆ యేడాదే సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు, మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడి కేసులో తీర్పు చెప్పింది. మతం మారిన తర్వాత కూడా కులబాధలు అంత తీవ్రంగా కొనసాగుతున్నాయనడానికి చాలినంత ఆధారం ముందుకు రాలేదన్నది. కారంచేడు రక్తం ఆరి రెండున్నర నెలలయింది. యింతకన్నా యేం ఆధారం కావాలి? 1991 ఆగస్టు 6న చుండూరులో యెనిమిది మందిని నరికారు. అక్కడా క్రైస్తవుల యిళ్ళున్నాయి. వూరికి తెలిసిన సంగతి కోర్టుకు తెలియదు.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి యువతి ఒకరికి షెడ్యూల్డు కుల పత్రం నిరాకరించడం సరైనదేనన్నది. ఆమె చర్చికి పోవడంతో బాటు, పసికందుగా వున్నప్పుడు తల్లిదండ్రులు యిప్పించిన బాప్తిస్మం కూడా సాక్ష్యాలలో ఒకటయింది. నమ్మకం లేకుండా రిజర్వేషను కోసమే హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనన్నది కోర్టు. మోసం చెయ్యక తప్పని పరిస్థితి తెచ్చిందెవరు? కులాన్ని మోస్తున్న మనిషిని, కులం చెప్పుకోవాలంటే దేవుణ్ణి దాచుకో అన్నది చట్టమే గదా! 2025లో ఆంధ్ర హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఫిర్యాదు చేసిన ఒక పాస్టరుకు, మతం మారాడు గనుక, అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదన్నది. తిట్టినవాడి నోటికి కులం గుర్తున్నది, తీర్పుకే గుర్తు లేదు.

యీ తీర్పులు మా బళ్ళోకి యెలా వస్తాయో చెబుతాను. దరఖాస్తులు నింపే రోజుల్లో ఒక పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, “సార్, మతం కాడ ఏం రాయాలె? మా అమ్మ ఆదివారం చర్చికి పోతది, కాగితాల మేం హిందువులమే. నేను అబద్ధం రాసినట్టా సార్?” అని అడిగాడు. వాడికి పదిహేనేళ్ళు. చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో యింకో పేరు. నిజం రాస్తే తెలంగాణాలో వాడు వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపుకు పోతాడు, అక్కడ వున్నది ఒక్క శాతం. షెడ్యూల్డు కులాలకున్న పదిహేను శాతంలో వాడి వాటా పోతుంది, దెబ్బలు తింటే అడ్డుపడే చట్టమూ పోతుంది. యెల్లప్పుడు నిజమే చెప్పమని పాఠం చెప్పే నేను ఆ పిల్లవాడికి యేం చెప్పాలి? నిజం చెబితే అన్నం తీసేసే చట్టం పిల్లలకు అబద్ధం నేర్పుతున్నది. యిందులో నేరం పిల్లవాడిది కాదు.

చర్చినీ వదలడానికి వీల్లేదు. పౌలు లేఖ చదివిన నోటితోనే సంబంధం కలుపుకునేటప్పుడు కులం అడుగుతారు. మాలల సంఘం, మాదిగల సంఘం వేరువేరుగా నడిచే వూళ్ళున్నాయి. మెదకు అధ్యక్ష మండలం పల్లెల్లో లూక్, కార్మన్ అనే యిద్దరు పరిశోధకులు తిరిగి 1968లో పుస్తకం ప్రచురించారు. బాప్తిస్మం తర్వాత కూడా కుల కట్టుబాట్లు, గ్రామదేవతల కొలుపులు వదలలేదని అందులో వున్నది. పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫ్రెంచి జెస్యూట్ గురువుల వల్ల కేథలిక్కులయిన రెడ్ల కుటుంబాలున్నాయి. వాళ్ళు బాప్తిస్మం పొందినా రెడ్లుగానే మిగిలారు, భూమి భూమిగానే మిగిలింది. నీళ్ళు వాళ్ళ దగ్గర యేమీ తీసుకోలేదు. తెలుగు దళితుడు ఆంథొని పూల కార్డినల్ అయింది 2022లో. దళితులలో ఆయనే మొదటివాడు. యిన్ని వందల యేళ్ళు పట్టిందంటే ఆ సంఘంలో కులం లేదని యెవరు నమ్ముతారు? క్రైస్తవుల యింట పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ రాయవలసి రావడానికి కారణం యిదే, నీళ్ళు కడగని మైల ఒకటి యీ దేశంలో వున్నది. అది వాడి వొంటిమీద లేదు, యెదుటివాడి కంట్లో వున్నది.

“క్రైస్తవులను చేరిస్తే హిందూ దళితుల వాటా తగ్గదా?” అని అడిగేవాళ్ళున్నారు. యిది న్యాయమైన భయమే, కొట్టిపారెయ్యను. దళితులలోనే వెనుకబడినవారి వాటా విడిగా లెక్కకట్టడం చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణాలో వర్గీకరణ అమలులోకి వచ్చింది. వాటా తేల్చే పద్ధతి దొరికింది. కొత్తగా వచ్చేవాళ్ళ సంఖ్యను బట్టి మొత్తం వాటా పెంచమని అందరూ కలిసి అడగాలి. దళితులిద్దరు ఒక రొట్టె కోసం కొట్టుకుంటుంటే రొట్టెల దుకాణం యజమాని చూసి ఆనందిస్తాడు. రంగనాథ మిశ్రా కమిషను 2007లోనే మత నియమం తీసెయ్యమని సిఫారసు చేసింది. సిఫారసుకు విలువ లేకపోయింది. 2022లో మళ్ళీ బాలకృష్ణన్ కమిషను వేశారు. కమిషన్ల మీద కమిషన్లు వేసినంత మాత్రాన కులం కరిగిపోదు.

కాబట్టి మనం చెప్పవలసింది స్పష్టం. 1950 ఉత్తర్వు మూడో పేరా కొట్టెయ్యాలి. కులం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కులాన్ని బట్టి యివ్వాలి, దేవుణ్ణి బట్టి కాదు. మనిషి యే నీళ్ళలో మునిగాడో లెక్క రాసే పని తహసీలు కచ్చేరీది కాదు. చర్చి తన వంతుగా పెళ్ళిపందిట్లో, శ్మశానంలో, మండలి యెన్నికల్లో పౌలు మాట నిలబెట్టాలి. అంతవరకు దాని బాప్తిస్మం సగమే. మన విద్యార్థులు, ఉపాధ్యాయులు యీ సమస్యను పాస్టర్లకు వదిలెయ్యకుండా యూనియన్ల తీర్మానాల్లోకి తేవాలి. నాస్తికుడైన కార్యకర్త ఆస్తికుడైన కూలీ హక్కు కోసం నిలబడితే అతడి భౌతికవాదానికి వచ్చే లోటేమీ లేదు.

బాప్తిస్మానికి అర్థం చెప్పే అధికారం బిషప్పుది కాదు, జడ్జీది అసలే కాదు. గుండ్లకమ్మ నీళ్ళలోకి, మెదకు చెరువుల్లోకి దిగినవాళ్ళు తమ అర్థం తాము చెప్పేశారు: మేము మీ వెట్టివాళ్ళం కాము. ఆ మాటకు దేశం యింకా జవాబు బాకీ వున్నది.